కుక్కది దోషమా, యజమానిదా?

మన సంఘ పత్రికలో తెలుగు బడులను గురించియు, పాఠ్యపుస్తకములను గురించియు, భాషా అల్పసంఖ్యాకుల హక్కులను గురించియు వ్రాయుట పరిపాటి. అట్టి పుటలలో కుక్కలను గురించి వ్రాయబూనుట చూచి కొందరు పెద్దలు నవ్వుకొనవచ్చును. "సంఘమునకు పనిలేక కుక్కల పంచాయతీ పెట్టినారా?" అని అడుగవచ్చును. నవ్వుటకు వారికి హక్కు కలదు. నవ్వు ముగిసిన పిదప ఈ నాలుగు మాటలు చదువవలెనని మాత్రము నా ప్రార్థన. ఏలయన కుక్క కరచిన గాయము ఒక బాలుని కాలితో ఆగదు. అది రెండు ఇండ్ల నడుమ గోడ లేపును. మనవంటి చిన్న సమాజమునకు వీధిలోని తక్కినవారితో తరతరములుగా వచ్చిన మైత్రిని చెరచును. ఈ సంగతి నేను పుస్తకమున చదివి చెప్పుట లేదు. ఇది నా ఇంటి వాకిట జరిగినది.

నేను రాజపాళయమున బ్యాండేజి గుడ్డ వ్యాపారము చేయువాడను. మెట్రిక్యులేషను దాటి చదివినవాడను కాను. మా పూర్వులు ఎన్నో తరముల క్రిందట తెలుగునాట నుండి వచ్చి ఈ కొండల క్రింద స్థిరపడినవారు. మా ఊరి పేరు దేశమున రెండింటి వలన తెలియును: ఒకటి నూలు, రెండవది కుక్క. పాలవలె తెల్లనై, గులాబిరంగు ముక్కుతో, సన్నని నడుముతో ఉండు రాజపాళయపు వేటకుక్క బొమ్మతో భారత తపాలా శాఖ 2005లో తపాలా బిళ్ళను విడుదల చేసినది. ఊరి పేరు మోయు కుక్క ఇంట లేకున్న పరువు తక్కువ అని తలచి నేనును ఒక కుక్కపిల్లను తెచ్చి భైరవుడని పేరు పెట్టితిని.

తప్పు ఆనాడే మొదలైనది. భైరవుని ఉదయము ఆరు గంటలకు గేటు ప్రక్కన గొలుసుతో కట్టి రాత్రి తొమ్మిది గంటలకు విప్పుచుంటిమి. బడికి పోవు పిల్లలు గేటు కమ్ములమీద పుల్ల లాగి శబ్దము చేయుదురు. అది గొలుసు తెగునంతగా ఎగిరి మొరుగును. పిల్లలు పరుగెత్తుదురు. నేను అరుగుమీద కూర్చుండి "మంచి కాపలా" అని మురియుచుంటిని. ఇట్లు రెండేండ్లు గడచెను. ఒకనాటి సాయంకాలము గొలుసు కొక్కెము ఊడినది. ఆ సమయమున వీధిని పోవుచున్నవాడు పుల్ల లాగిన పిల్లవాడు కూడ కాదు. మా ఎదురింటి తమిళ సోదరుని కుమారుడు, పదేండ్లవాడు, పాలపాత్ర పట్టుకొని నడచిపోవుచుండెను. భైరవుడు వాని పిక్కను పట్టెను.

నేను వ్యాపార బుద్ధితో ఇంటిలోని బ్యాండేజి చుట్ట తెచ్చి గట్టిగ కట్టితిని. మా అవ్వ అంతకుముందే పసుపు అద్దినది. ఆసుపత్రిలో వైద్యుడు కట్టు విప్పి నన్ను చీవాట్లు పెట్టెను. కుక్క కాటునకు మొదటి చికిత్స కట్టు కాదు, పసుపు కాదు, కాఫీపొడి కాదు, సున్నము కాదు. ధారగా పడు నీటి క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగుట. పిదప ఆలస్యము చేయక టీకా, గాయము లోతైనదైనచో దానితోపాటు గాయమునందు వేయు సీరము. వైద్యుడు వ్రాసియిచ్చిన తేదీలలో ఒక్కటియు తప్పరాదు. రేబిస్ లక్షణములు బయటపడిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. పాశ్చరు మహాశయుడు 1885లోనే టీకా కనుగొన్నను, మన కూనూరులో పాశ్చరు సంస్థ 1907 నుండియు ఉన్నను, నలుబది దాటిన నాకు ఈ ముక్క తెలియకపోవుట నాకు సిగ్గు కలిగించినది.

ఆ బాలుని తండ్రియు నేనును ఒకే బడిలో చదివినవారము. అతడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనము నన్ను బాధించినంతగా ఏ తిట్టును బాధింపలేదు. కాని వీధి మౌనముగ ఉండదు కదా! మరునాటి నుండి నా పేరు పోయి "తెలుగువాళ్ళ కుక్క" అను మాట మిగిలినది. నేను ఒక్కడను చేసిన నేరమునకు సమాజమంతయు పూచీ పడినది. హోసూరునందైనను, బళ్ళారియందైనను, బరంపురమునందైనను, షోలాపురమునందైనను మన స్థితి ఇంతియే. మన ఇంటి వాకిట జరుగు మంచియు చెడ్డయు మన ఇంటి పేరుతో ఆగవు.

ఇక ఆలోచన చెప్పువారు వచ్చిరి. ఒక పెద్దమనిషి "కర్ర తీసి నాలుగు తగిలించు. నీవే దొరవని దానికి తెలియవలెను" అనెను. మరియొకరు "కుక్క చెడినది. రాత్రివేళ ఆటోలో వేసి కొండ మార్గమున వదలిరా" అనిరి. మూడవవారు బంధువు, ప్రేమ కలవారు. "పాపము, మూగజీవి! పిల్లవాడు ఏదో చేసియుండును" అని భైరవుని తల నిమిరిరి. మొదటివారిది కర్ర పక్షము, రెండవవారిది గెంటివేత పక్షము, మూడవవారిది గారాబపు పక్షము. పైకి మూడును వేరుగా కనిపించును. లోన మూడింటి మాట ఒక్కటియే: యజమానికి దోషము లేదు! కర్రవానికి కుక్క తిరుగుబోతు, గెంటువానికి కుక్క పాడైన సరకు, గారాబమువానికి పిల్లవాడు నేరస్థుడు. గొలుసు కట్టినవాడెవడు, పదునైదు గంటలు కట్టియుంచినవాడెవడు, మొరిగినప్పుడు మురిసినవాడెవడు అని ఏ ఒక్కరును అడుగలేదు. ఆ ప్రశ్న అడుగుటకే ఈ వ్యాసము.

మొదట కర్ర పక్షమును విచారింతము. వారి సిద్ధాంతమిది: కుక్క తోడేలు సంతతి, తోడేళ్ళ మందలో బలవంతుడైన నాయకుడు తక్కినవానిని అణచి ఏలును, కావున యజమాని తానే నాయకుడని బలముతో రుజువు చేయవలెను. ఇది పల్లెటూరి మాట కాదు, సముద్రములు దాటి వచ్చినది. స్విట్జర్లాండు దేశమున రుడాల్ఫ్ షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు బేసెల్ జంతుప్రదర్శనశాలలోని తోడేళ్ళను చూచి 1947లో ప్రకటించిన పరిశీలన దీనికి మూలము. బోనులో పెట్టిన జంతువులు అవి. అమెరికా దేశపు డేవిడ్ మెక్ అను తోడేళ్ళ నిపుణుడు 1970లో వ్రాసిన గ్రంథము వలన ఈ భావము మరింత వ్యాపించినది. పిమ్మట అదే మెక్ అడవిలో స్వేచ్ఛగా తిరుగు తోడేళ్ళను ఏండ్ల తరబడి చూచి, 1999లో తన పాత అభిప్రాయమును తానే సవరించుకొనెను. అడవిలోని మంద సాధారణముగ ఒక కుటుంబము. నాయకులనగా తల్లిదండ్రులు, తక్కినవి వారి పిల్లలు. కుస్తీ పట్టి గెలిచిన గద్దె అక్కడ లేదు. తన పాత గ్రంథమును ఇక ముద్రింపవలదని ప్రకాశకులను కోరినంతటి నిజాయితీ ఆయనది. గ్రంథకర్త విడిచిన సిద్ధాంతమును మన కర్ర పక్షమువారు ఇంకను పట్టుకొని వేలాడుచున్నారు.

కర్ర వలన పని జరుగునని వారు సాక్ష్యము చూపుదురు. జరుగును, ఒక్క పూట. కుక్క గుర్రుమన్నది, కొట్టినారు, గుర్రు మానినది. అది మంచిదైనదని సంతోషించిరి. నిజమునకు జరిగినదేమి? గుర్రుమనుట కుక్క యిచ్చు నోటీసు. "నాకు భయముగ ఉన్నది, దూరముగ ఉండుము" అని అది మర్యాదగా చెప్పు మాట. నోటీసు ఇచ్చినందుకు దెబ్బ తిన్న కుక్క మరుసారి నోటీసు ఈయదు, నేరుగా కరచును. "ఏ హెచ్చరికయు లేకుండ కరచినది" అని మనము వాపోవు కుక్కలలో అనేకము ఇట్లు తయారైనవే.

"తప్పు చేసినట్లు దానికే తెలుసును, ముఖము చూడండి" అను మాట ప్రతి ఇంటను విందుము. చెప్పు కొరికిన రెండు గంటలకు యజమాని ఇల్లు చేరును. కుక్క చెవులు వెనుకకు వాల్చి, తోక ముడిచి, చూపు తప్పించును. ఇది అపరాధ భావమని మన తీర్పు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను అమెరికా పరిశోధకురాలు 2009లో దీనిని పరీక్షించి ప్రకటించినది. కుక్క తప్పు చేసినను చేయకున్నను, యజమాని కోపగించిన వేళనే ఆ ముఖము ఎక్కువగా కనిపించినది. అనగా అది పశ్చాత్తాపము కాదు, మన కోపమునకు దాని జవాబు. రెండు గంటల పిదప తగిలిన దెబ్బను అది చెప్పుతో ముడిపెట్టుకొనలేదు, ఇంటికి వచ్చిన మనతో ముడిపెట్టుకొనును. తాను కొట్టినందువలన కుక్క బుద్ధి తెచ్చుకొన్నదని యజమాని అనుకొనుచుండును. అది నేర్చుకొన్నది మాత్రము యజమాని రాక ప్రమాదకరమనియే.

మరి కుక్క ఎట్లు నేర్చుకొనును? వ్యాపారినైన నాకు ఇది తేలికగ అర్థమైనది. లాభము వచ్చిన బేరము కుక్క మరల చేయును, రాని బేరము మానుకొనును. రష్యా దేశపు పావ్లోవ్ పండితుడు ఆహారమునకు ముందు వచ్చు సంకేతమునకే కుక్క నోరూరునని చూపెను. కుక్క సదా లెక్క కట్టుచుండును: దేని తరువాత ఏమి వచ్చినది? నా భైరవుని ఖాతా చూడుడు. పిల్లలు వచ్చిరి, మొరిగినాను, పారిపోయిరి. రోజునకు పదిసార్లు, రెండేండ్లు. అంతటి లాభసాటి వ్యాపారమును ఏ బుద్ధిమంతుడు మానును? దానికి కరచుట నేర్పినవాడను నేనే. నెల జీతమునకు గురువును పెట్టినను అంత శ్రద్ధగా నేర్పియుండడు.

గారాబపు పక్షమువారు ఇక్కడ చప్పట్లు కొట్టనక్కరలేదు, వారి ఖాతాయు ఇట్టిదే. అతిథి రాగానే కుక్క మీదికి ఎగురును. "ఎంత ప్రేమయో!" అని నవ్వి తల నిమురుదురు. ఎగిరినందుకు ముట్టిన కూలి అది. కుక్కపిల్ల ఎగిరిన ముద్దు, అదే ముప్పది కిలోల కుక్కయై ఎగిరి ముసలమ్మను పడవేసిన తప్పు! నియమము మార్చినవారెవరు? భోజన సమయమున ఏడ్చిన కుక్కకు ఇడ్లీ ముక్క విసరుదురు, మరునాడు అది ఏడ్చిన "మాట వినదు" అందురు. తండ్రి కాదన్నదానిని తల్లి ఔననును, తల్లి మూసిన తలుపును కుమారుడు తెరచును. ఇట్టి ఇంట కుక్క చెడక ఏమగును?

నాయకత్వమనగా నేను చెప్పునది దొరతనము కాదు. మంచి ఇంటి పెద్ద ఏమి చేయును? వేళకు అన్నము పెట్టును. చేయవలసినదేదో ముందుగ తెలుపును. ఈనాడు ఔనన్నది రేపు కాదనడు. కష్టము రానున్నదని తెలిసిన తానే ముందు నిలుచును. కోపమున చేయెత్తడు. కుక్కకు కావలసిన నాయకుడును ఇట్టివాడే. దీనిని ఆచరణలో చూపెదను.

మీదికి ఎగురు కుక్కకు: ఎగిరినపుడు చూడవద్దు, పలుకవద్దు, తోయవద్దు, వెనుదిరుగుడు. తోయుటయు దానికి ఆటయే. నాలుగు కాళ్ళును నేలమీద ఆనిన క్షణమున తల నిమురుడు. ఇంటిలోని వారందరును ఇట్లే చేయవలెను. ఒక్కరు తప్పినను వృథా.

తాడు లాగు కుక్కకు: తాడు బిగిసిన నిలిచిపొండు, సడలిన నడువుడు. మొదటి వారము వీధి చివరకు చేరుటకు అరగంట పట్టును. లాగిన త్రోవ సాగదని దానికి తెలిసిన పిదప మీ భుజము నొప్పి తగ్గును.

తిండిగిన్నె వద్ద గుర్రుమను కుక్కకు: గిన్నె లాగుకొని "నేనే దొరను" అని చూపుట మూర్ఖత్వము. లాగుకొను దొంగవని దాని అనుమానమును మీరే రుజువు చేసినవారగుదురు. దూరమున నిలిచి అంతకంటె మంచి ముక్కను గిన్నెలో వేసి మరలి పొండు. కొన్నాళ్ళకు మీ రాక దానికి శుభవార్త యగును. నోటిలోని వస్తువు విడిపింపవలసినను ఇదే మార్గము: మంచిది యిచ్చి చెడ్డది తీసికొనుడు. చిన్నపిల్లలను మాత్రము తినుచున్న కుక్క దరికి పోనీయరాదు.

మొరుగు కుక్కకు: "నోరుమూయి" అని మీరు అరచిన, మీరును తనతో కలిసి మొరుగుచున్నారని అది తలచును. ముందు కారణము వెదకుడు. వీధి కనిపించుట వలననా, ఒంటరితనము వలననా, పని లేకనా, దీపావళి టపాకాయల భయము వలననా? ఒక్కొక్కదానికి మందు వేరు. భయపడు కుక్కను కొట్టిన భయము రెండింతలగును.

ఇక మన ఇండ్లకే ప్రత్యేకమైన దోషమొకటి కలదు. అవ్వ "కూర్చో" అనును. కోయంబత్తూరులో చదువు కుమారుడు "సిట్" అనును. పనిమనిషి "ఉక్కారు" అనును. పిలుచుటకు మువ్వురివి మూడు మాటలు: రా, కమ్, వా. కుక్క మువ్వురి ముఖములు చూచి ఊరకుండును. అది మొండిదని మన తీర్పు! దానికి ఏ భాషయు రాదు, శబ్దమును దాని ఫలితమును మాత్రమే ఎరుగును. పనికి ఒక్కటే మాట ఏర్పరచి ఇంటివారందరును దానినే పలుకవలెను. ఆ మాట తెలుగు మాట కావలెనని నా వాదము. ఇది భాషాభిమానము చేత మాత్రమే చెప్పుట లేదు. అవ్వ నుండి మనుమని వరకు ఇంటిలో అందరి నోటను పలుకు మాట అదియే. కుక్కకు ఇంగ్లీషు మాత్రమే అర్థమగునను భ్రమ మన నాగరికులకు ఎక్కడినుండి పట్టినదో తెలియదు. మా భైరవుడు ఇప్పుడు "ఆగు" అనిన ఆగును. ఆ మాట మా పనిమనిషి కూడ నేర్చినది.

గొలుసు సంగతి చెప్పక ముగించుట అన్యాయము. మా ఊరి కుక్క అడవిపందిని తరుముటకు పుట్టినది. ఒక్క యజమానిని నమ్మి కొత్తవారిని శంకించుట దాని స్వభావము. దానిని రెండు గజముల గొలుసునకు కట్టుట పరుగుపందెపు గుర్రమును గానుగకు కట్టుట వంటిది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున ముధోలు, రాజపాళయము, చిప్పిపారై మొదలగు దేశీయ జాతులను పెంచుడని చెప్పిరి. దేశీయ కుక్కకు గౌరవము దక్కుట సంతోషమే. కాని బెంగుళూరు మేడ ఇండ్లలోని మనవారు కొందరు తపాలా బిళ్ళను కొన్నట్లు కుక్కను కొనుచున్నారు. అది పరుగెత్తు చోటేదని అడిగిన జవాబు లేదు.

1960 నాటి జంతు హింసా నివారణ చట్టము 11వ సెక్షను చదువుడు. మిక్కిలి పొట్టియైన లేక బరువైన గొలుసుతో అనుచిత కాలము కట్టియుంచుట నేరము. ఎల్లప్పుడు కట్టి ఉంచు కుక్కను తగినంత తిప్పకుండుట నేరము. కారణము లేక వదలివేయుటయు నేరమే. కొండ మార్గమున వదలిరమ్మన్న గెంటివేత పక్షమువారు ఇది గమనింతురు గాక. వీధికుక్కల విషయమై 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ నగరమునకు ఒక ఆజ్ఞ ఇచ్చి, పదునొకండు దినములలో దానిని సవరింపవలసి వచ్చినది. దేశమంతయు రెండు పక్షములుగ చీలి వాదించినది. ఆ వాదములో గొంతు చించుకొన్నవారిలో తమ ఇంట పెరిగిన కుక్కను వీధిలో వదలినవారెందరో తమ గుండెమీద చేయి వేసికొని చెప్పవలెను.

"జాతి చెడ్డది" అను వాదమొకటి మిగిలినది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 23 జాతుల కుక్కల దిగుమతిని, పెంపకమును, అమ్మకమును నిషేధింపవలెనని రాష్ట్రములకు వ్రాసినది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసినది. మే నెలలో చెన్నపట్నమున ఒక నగరపాలక పార్కులో రెండు రాట్‌వైలరు కుక్కలు అయిదేండ్ల బాలికను తీవ్రముగ గాయపరచినవి. బలమైన దవడ గల జాతి కరచిన గాయము పెద్దదగును, నిజమే. అందుచేతనే అట్టి కుక్క యజమాని బాధ్యతయు పెద్దది. చట్టము చూపు కూడ యజమాని మీదనే. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, తన జంతువు వలన మనుష్యులకు ప్రమాదము కలుగకుండ జాగ్రత్త పడనివానికి ఆరు నెలల వరకు కారాగారము గాని, అయిదువేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆ సెక్షనున కుక్క జాతి ప్రసక్తి లేదు. యజమాని అజాగ్రత్త ప్రసక్తియే కలదు.

"మా తాతలనాడు ఈ శాస్త్రములన్నియు ఉన్నవా? కుక్కలు బాగుగనే ఉండెడివి కదా" అని కొందరు అడుగుదురు. తాతలనాడు కుక్కను గొలుసుకు కట్టలేదు. అది తోటకు పోయెడిది, పొలమునకు పోయెడిది, వేటకు పోయెడిది. పుట్టినది మొదలు పదిమంది మనుష్యులను, పశువులను, బండ్లను చూచి పెరిగెడిది. కుక్కపిల్లకు మూడవ వారము నుండి పండ్రెండు, పదునాలుగు వారముల వరకు గల కాలము ముఖ్యమైనది. ఆ కాలమున మంచిగ పరిచయమైన వస్తువులకు అది పెద్దదైన పిదప భయపడుట తక్కువ. తాతగారు శాస్త్రము చదువకయే దానిని పాటించిరి. మనము ఎనిమిది వారములు నిండక మునుపే తల్లి నుండి పిల్లను వేరుచేసి తెచ్చి, ఆ ముఖ్యకాలమంతయు మేడమీది గదిలో మూసి, పిదప లోకమును చూచి అది భయపడుచున్నదని ఆశ్చర్యపడుచున్నాము.

శిక్షణచే సర్వమును బాగగునని చెప్పుట నా అభిప్రాయము కాదు. నెమ్మదియైన కుక్క హఠాత్తుగ కరవబూనిన మొదట పశువైద్యునికి చూపవలెను. పంటి నొప్పి, చెవి పోటు, కీళ్ళ బాధ దానికి కారణము కావచ్చును. తెల్లని కుక్కలలో పుట్టు చెవుడు కలదు, రాజపాళయపు కుక్కలలోను అది కానవచ్చును. వినలేని కుక్కను "మాట వినదు" అని కొట్టుట ఎంతటి పాపము! మనిషి ప్రాణమునకు ముప్పు తెచ్చు కుక్కను ఇంటి శిక్షణతో నయము చేయుదునను అహంకారమును తగదు. ఎరిగినవారి సలహా పొందు వరకు మూతికి చిక్కమును, నడుమ గోడయు ఉండవలెను.

నేను చేసినదేమనగా, గేటు అడుగు భాగమునకు పలకలు కొట్టించి వీధి కనిపించకుండ చేసితిని. గొలుసు తీసి పెరటిని కంచెతో మూయించితిని. తెల్లవారుజామున అయిదింటికి, రాత్రి దుకాణము కట్టిన పిదప, మూతికి చిక్కము వేసి దానిని నేనే నడిపించుచున్నాను. చిక్కము వేసినను నోరు తెరచి రొప్పుటకు, ముక్క తినుటకు వీలుండునది ఎన్నితిని. దూరమున మనిషి కనిపింపగానే, భైరవుడు మొరుగక మునుపే, ఒక మాంసపు ముక్క ఇచ్చుచుంటిని. మొదట నూరు అడుగుల దూరము. పిదప ఎనుబది, పిదప అరువది. మనిషి వచ్చుట నష్టమను దాని పాత లెక్కను లాభమను కొత్త లెక్కగా మార్చుటకు ఎనిమిది నెలలు పట్టినది. ఇప్పుడు అది వీధిలో మనుష్యులను చూచి నా ముఖము వైపు తిరుగును. అయినను కొత్తవారి చేతికి దానిని అప్పగింపను, చిక్కము మానను.

ఎదురింటి సోదరునితో మాటలు మరల కలిసినవి. కాని వాని కుమారుడు ఇప్పటికిని మా ఇంటి ముందునకు వచ్చినపుడు వీధి ఆవలి ప్రక్కకు దాటి నడచును. ఆ పిల్లవాడు అట్లు దాటుట నేను ప్రతి సాయంకాలము అరుగుమీద నుండి చూచుచున్నాను. ఎనిమిది నెలలలో కుక్క లెక్కను మార్చగలిగిన నేను ఆ బాలుని లెక్కను మార్చలేకపోయితిని.

కావున సోదరులారా, సంఘ సభ్యులైన ప్రతి కుటుంబమును నేను కోరునది ఇది. కుక్కను తెచ్చుటకు ముందు దానికి చోటును, దినమునకు గంట కాలమును మనకు కలవా అని లెక్కించుడు. లేనిచో తేవద్దు, పరువు పోదు. తెచ్చినచో మూడవ నెలనుండి రేబిస్ టీకాను వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేటా వేయించుడు. ఇంటిలో ఒక్కటే మాట, ఒక్కటే నియమము ఉండనిండు. మన పిల్లలకును బుద్ధి చెప్పుడు: కట్టివేసిన కుక్కను రెచ్చగొట్టరాదు, కొత్త కుక్క కన్నులలోనికి తదేకముగ చూడరాదు, అది వెంబడించిన పరుగెత్తక చేతులు ముడుచుకొని కదలక నిలువవలెను. కరచిన దినమున దాచక, గాయపడినవారిని మన ఖర్చుతో ఆసుపత్రికి తీసికొనిపోయి, వారి ఇంటి గడప ఎక్కి క్షమాపణ అడుగుడు.

"కుక్క చెడినది" అను మాట మీ నోట వచ్చునప్పుడు ఒక్క క్షణము ఆగి, దానిని చెరచినదెవరని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. నేను రెండేండ్లు ఆలస్యముగ ప్రశ్నించుకొంటిని. ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినవాడు నేను కాను, పాలపాత్ర పట్టుకొని పోవుచున్న పదేండ్ల బాలుడు.